డ్రయ్యర్ తొట్టిలో నిలిచిన నీళ్లు

ఆ వానాకాలం మా పాపకు ఎనిమిదో నెల. పడుకోబెడితే చాలు, దగ్గు వచ్చేది, ఛాతీలో పిల్లికూతలు వినిపించేవి. భద్రాచలంలో డాక్టరు మందు రాసి, చెమ్మ బట్టలు మాత్రం ఒంటికి తగలనివ్వొద్దని గట్టిగా చెప్పాడు. మా కోంటాలో ముసురు పట్టిందంటే వరండాలో తాడు మీద ఆరేసిన గుడ్డలు మర్నాటికి కూడా చల్లగానే ఉంటాయి. ఒక్కో గుడ్డనూ చెంపకు ఆనించి చూసుకుని మళ్లీ తాడు మీదే వేసేదాన్ని.

అందుకే నా ఆశంతా వాషింగ్ మిషన్ మీదే. రెండు తొట్ల మిషన్ అది. ఒకదాంట్లో ఉతికి పక్కదాంట్లో వేస్తే గిరగిరా తిప్పి నీళ్లు పిండేస్తుంది. ఆ రెండో తొట్టిని మేం డ్రయ్యర్ అంటాం. సరిగ్గా ఆ వారమే డ్రయ్యర్ మొరాయించింది. మీట తిప్పితే మూలిగేది, బద్ధకంగా నాలుగు చుట్లు తిరిగి ఆగిపోయేది. బట్టలు పైకి తీస్తే నా మోచేతుల మీదుగా నీళ్లు కారేవి.

కరెంటు తక్కువగా వస్తోందేమో అనుకున్నాను. ఇంటి ముందున్న మా దుకాణంలో ఫ్రిజ్ ఆపి చూశాను. మూత సరిగా పడడం లేదేమోనని పైన రుబ్బురాయి పొత్రం పెట్టాను. దుప్పటి ఒకవైపే ముద్దగా పడి ఉంటుందని అన్నీ తీసి చుట్టూ సమంగా సర్దాను. ఏం చేసినా అదే మూలుగు. సుక్మాలో మిషన్లు బాగుచేసే అతనికి ఫోన్ చేస్తే, పానీ నికల్ రహా హై క్యా అని అడిగాడు. నీళ్లు బయటికి పోతున్నాయి, నా కళ్లతో చూస్తున్నాను అని హిందీలోనే చెప్పాను. అయితే మోటారు పోయిందనీ, మిషన్ సుక్మాకు తీసుకురమ్మనీ అన్నాడు. వాగులు పొంగి ఆ పూట బస్సులే లేవు.

మా అత్తమ్మ గుమ్మంలో నిలబడి నా తిప్పలు చూస్తోంది. "నలుగురు పిల్లల్ని పెంచిన. గా డబ్బాను నమ్ముకొని పెంచలే," అంది. పాప మూత్రం పోసిన గుడ్డ మార్చాలి, పొడి గుడ్డ ఒక్కటీ లేదు. మా ఆయన పాత పంచె చింపి కట్టాను.

ఆ మధ్యాహ్నం మిషన్ వెనక తుడుస్తుంటే, నీళ్లు పోయే గొట్టం కొస కొత్త నీలం డ్రమ్ములోకి వంగి ఉండడాన్ని అప్పుడే పట్టించుకుని చూశాను. మా ఇంట్లో సబ్బు నీళ్లు పారబోయరు. వానల్లో సంతకొచ్చిన జనం ఎర్రమట్టి కాళ్లతో దుకాణం మెట్లెక్కుతారు. సాయంత్రం అత్తమ్మ ఆ నీళ్లతోనే మెట్లు కడుగుతుంది. ఎప్పుడూ కింద వెడల్పాటి టబ్బు ఉండేది. ముసురు మొదలయ్యాక మట్టి ఎక్కువైందని అత్తమ్మే నూనె డ్రమ్ము తెచ్చి పెట్టింది. డ్రమ్ము అంచు నా నడుము దాకా ఉంది, గొట్టం అంత ఎత్తుకు ఎక్కి దిగాలి. పైపైన ఉన్న నీళ్లు డ్రమ్ములో పడుతున్నాయి, నేను చూసింది వాటినే. గొట్టం కొస కన్నా కింద ఉన్నవి ఎక్కడికీ పోలేక తొట్టిలోనే ఉండిపోతున్నాయి. డ్రయ్యర్ ఆ నీళ్లలో మునిగే తిరగాలని చూస్తోంది.

గొట్టం తీసి నేల మీద పడేశాను. బుడబుడమంటూ నీళ్లన్నీ పెరట్లోకి పోయాయి. మీట తిప్పితే మిషన్ ఇల్లంతా అదిరేలా తిరిగింది.

ఆ చప్పుడుకు అత్తమ్మ వచ్చింది. వానలోకి పోతున్న సబ్బు నురగను చూసి "ఏందిది?" అంది. చెప్పాను. గొట్టాన్నీ డ్రమ్మునూ మార్చి మార్చి చూసింది.

"అంటే పిల్లకు దగ్గు నా వల్లనేనా బిడ్డా?"

"కాదత్తమ్మా," అన్నాను. వెంటనే అన్నాను. కానీ లోపల అవునని ఉంటే బాగుండుననే అనిపించింది. అదే కారణమైతే ఇక దగ్గు తగ్గిపోతుంది కదా.

డ్రయ్యర్‌లోంచి తీసిన గుడ్డలను పొయ్యి పక్కన కాసేపు ఉంచితే చాలు, పెళపెళలాడాయి. దీపాలు పెట్టే వేళకు పాపకు తల నుంచి కాళ్ల దాకా పొడి బట్టలే. అత్తమ్మ ఆ రోజు మెట్లు కడగలేదు. పాపను ఒళ్లో బోర్లా వేసుకుని, దాని వీపుకు చెవి ఆనించింది. నేను పక్కనే కూర్చుని ఆమె ముఖమే చూస్తున్నాను.

"ఉందా?" అన్నాను.

చాలాసేపు విన్నది. "ఉంది," అంది.

నేనూ చెవి ఆనించాను. అదే కూత, అంతే సన్నగా. తప్పు చెమ్మ మీద వేద్దామంటే ఇప్పుడు గుడ్డల్లో చెమ్మే లేదు.

మా ఆయన దుకాణం కట్టేసి వచ్చి, శబరి ఏటి నీళ్లు రోడ్డు మీద నుంచి దిగితే పొద్దున్నే భద్రాచలం పోదామన్నాడు. దిగకపోతే ఏం చేయాలో ఎవరం అడగలేదు. అత్తమ్మ లేచి, ఇంకా వెచ్చగా ఉన్న గుడ్డలను ఒక్కొక్కటే మడిచి సంచిలో పెట్టడం మొదలుపెట్టింది.