బంగారు రంగు మూడు పాయింట్ల గీత

బాస్కెట్‌బాల్‌లో మా చెల్లెలు దూరం నుంచి బంతి వేస్తే చూడాలి. బడి రోజుల నుంచి ప్రతి మ్యాచ్‌లో ఎక్కడి నుంచి ఎన్ని వేసింది, ఎన్ని పడ్డాయి, అన్నీ నేను లాప్‌టాప్‌లో ఎక్కించుకుంటున్నాను. బేగంబజార్ గిన్నెల దుకాణంలో పగలంతా లెక్కలు రాసేదాన్ని, ఇంటికొచ్చినా చెయ్యి ఊరుకోదు.

పోయిన వినాయక చవితి తర్వాత ఆ లెక్క పాడైంది. మూడు పాయింట్ల షాట్లు ముందు పడినవాటిలో సగం కూడా పడటం లేదు. వారంలో సర్కారు కొలువుకి ఆటల కోటా సెలక్షన్. మనిషి పొట్టి, ఆ దూరం షాట్ లేకపోతే దాన్ని ఎవరూ తీసుకోరు.

"ఇగ దూరంకెళ్లి వెయ్యనక్కా. పాస్‌లిచ్చుకుంట ఆడుత" అంది. నాకు ఒళ్ళు మండింది.

"కాళ్లల్ల సత్తువ లేదు. పాలు తాగుమంటే చాయ్ తాగుతది" అన్నాడు బాపు. మాది పాల వ్యాపారం. బాపు లెక్కలో లోకంలోని ప్రతి రోగానికీ బర్రె పాలే మందు.

ఆదివారం లాప్‌టాప్ ముందేసుకుని కూర్చున్నాను. ఫ్రీ త్రోలు ఎప్పటిలాగే పడుతున్నాయి. అంటే చేతికీ కాళ్లకీ ఏ రోగమూ లేదు. మా ధూల్‌పేట్ గ్రౌండ్‌లో ఆడినవి ఒక పక్క, బయట ఆడినవి ఒక పక్క పెట్టాను. మా దగ్గర దూరం షాట్లు తగ్గకపోగా పెరిగాయి. దెబ్బంతా బయటే. వీడియోలు చూస్తే బయట తప్పినవి దాదాపు అన్నీ రింగు ముందు అంచుకే తగిలాయి. బంతి కాస్త చాలడం లేదు.

టేపు పట్టుకుని గ్రౌండ్‌కి పోయాను. చవితి మండపం మా కోర్టు మీదే వేస్తారు. తర్వాత గుంతలు పూడ్చి, చెరిగిపోయిన మూడు పాయింట్ల గుండ్రటి గీత మళ్ళీ వేయించారు. మా గల్లీలో విగ్రహాలకు రంగులేసే అన్న, కిరీటాలకు వాడగా మిగిలిన బంగారు రంగుతో వేశాడు. చూడ్డానికి మస్తుగా ఉంది. కొలిస్తే మాత్రం ఉండాల్సిన చోటు కంటే మూరన్నర రింగు దగ్గరికి జరిగింది. చెల్లెలు రోజూ పొద్దున ప్రాక్టీస్ చేసేది ఆ గీత మీదే.

అన్నని నిలదీశాను. "తాడు సక్కగనే కొలిసిన చెల్లె. ఆ కొస పట్టింది మీ బాపే" అన్నాడు.

ఇంటికొచ్చి, "తాడు దేనికి కట్టినవ్ బాపు?" అని అడిగాను.

"గుంజకు. బర్రెను కట్టినా గుంజకే కడ్తం గదా."

రింగు గుంజ మీద ఉండదు, మూరన్నర ముందుకు వేలాడుతుంది. కొలవాల్సింది రింగు కింది నుంచి. ఆ సంగతి చెప్పేసరికి బాపు చేతిలోని పాల క్యాను కింద పెట్టాడు. తర్వాత, "గట్లయితే బిడ్డ కాళ్లు మంచిగనే ఉన్నయా?" అన్నాడు మెల్లగా. ఇన్నాళ్లూ ఆయనకున్న ఫికర్ అదని అప్పుడు తెలిసింది. నాకు నవ్వూ ఏడుపూ ఒకేసారి వచ్చాయి.

తెల్లారి పాలు పోసి వస్తూనే బాపు ఆ రంగులేసే అన్నని లేపుకొచ్చాడు. రింగు కింద తనే మోకాళ్ల మీద కూర్చుని, తాడు కొసని బొటనవేలితో నేలకి నొక్కిపట్టాడు. రంగు ఆరేదాకా చెల్లెల్ని దగ్గరికి రానివ్వలేదు. వారమంతా అది కొత్త గీత మీదే చెమటోడ్చింది.

సెలక్షన్ నాడు మొదటి దూరం షాట్ రింగుకి తగలకుండా వలలో దిగింది. పక్కనున్నాయన ఎవరి పిల్ల అని అడిగాడు.

"మా బిడ్డనే" అన్నాడు బాపు. "కాళ్లు మస్తు గట్టివి."