కొలువులో హిమాలయం

హిమాలయమనే కొండ ఒకటుందనీ, అది మన తిరుత్తణి స్వామి కొండకన్నా ఎత్తనీ మొట్టమొదట నాకు చెప్పింది మా రాజమ్మత్త. మొన్న వంటింటి కిటికీలో తడిగోనె మీద చల్లిన ఆవాలు మొలకెత్తి ఆ పచ్చి ఘాటు వాసన ముక్కుకు తగలగానే, నవరాత్రుల ముందటి మా పాత ఇంటి ముందరి గది, గోడవార చెరువు ఒండ్రుమట్టి గంపలు, మోచేతుల దాకా బురద పూసుకుని కూర్చున్న అత్త, అన్నీ ఒక్కసారిగా కళ్ళముందుకు వచ్చాయి. పొయ్యి తగ్గించి కాసేపు ఊరకే నిలబడ్డాను. అలా నిలబెట్టడం కూడా స్వామి దయే.

మా ఊరు తిరుత్తణికీ ఆర్.కె.పేటకీ నడుమ, ఒక గుట్ట కింద. డెబ్బైల చివర నాకు ఎనిమిదేళ్ళుంటాయి. ఉబ్బసం పిల్లననీ, బడి చాలా దూరమనీ నన్ను పంపలేదు. మా నాయనకు అక్క అయిన రాజమ్మత్తే నాకు బడి. మామ మిలిటరీలో ఉన్నన్నాళ్ళూ ఆమె ఉత్తరాది కొండల్లో కాపురం చేసి, ఆయన పోయాక పుట్టింటికి వచ్చింది. ఊరి పిల్లలంతా అరవంలో చదువుకుంటుంటే నా చేత రాగిపిండిలో తెలుగు అక్షరాలు దిద్దించింది. చాపను గోడకేసి నెట్టి, లేచిన ముడతలు చూపించి, "భూమి ఇట్లే నెట్టుకోని నెట్టుకోని హిమాలయం లేచిందే" అనేది. మజ్జిగ చిలుకుతూ సుడి చూపించి, "సముద్రం మీద తుపాను ఇట్లే తిరుగుతాది" అనేది. ఆ మజ్జిగలోనే ఉప్పేసుకుని తాగుతూ నేను తుపానులు నేర్చుకున్నాను.

మా వైపు బొమ్మల కొలువులో మెట్ల ముందు నేలమీద ఒక కొండ కట్టడం ఆనవాయితీ. ఇటుక ముక్కల మీద మట్టి మెత్తి, ఆవాలు చల్లి, పైన ఈశ్వరుడి కొడుకైన మా తిరుత్తణి స్వామిని నిలుపుతారు. ఆ ఏడు అత్త దేశాన్నే కట్టింది. చాట బోర్లించి, పడమటి అంచు కింద సగం ఇటుక దూర్చి, మట్టి మెత్తితే అది దక్కను పీఠభూమి. గోదావరీ కృష్ణా కావేరీ తూర్పుకే ఎందుకు పారతాయో చెంబుతో నీళ్ళు పోసి చూపింది. గుట్ట కింద ఎండిపోయిన వాగును మేము వంక అంటాం; ఆ వంక ఇసుక రాజస్థానం ఎడారి, ఇత్తడి తాంబాళం బంగాళాఖాతం. ఆవాలు మొలిచి తూర్పు కనుమలూ పడమటి కనుమలూ పచ్చని అడవులయ్యాయి. హిమాలయం మీద మంచుకని అత్త ముగ్గుపిండి తీస్తే మా అవ్వ, అంటే నాయన తల్లి, పూజగది నుంచి విభూతి తెచ్చి ఇచ్చింది. "ఈశ్వరుడుండే కొండకు ముగ్గుపిండి ఏందే?"

అంతా బాగుందనుకునేలోపు అవ్వ కళ్ళు నిమ్మకాయంత ఉన్న తిరుత్తణి కొండ మీద పడ్డాయి.

"ఇదేంది రాజమ్మా, స్వామిని నేలమీద కూర్చోబెట్టినావు?"

"కొలత ప్రకారం అంతేనమ్మా."

"కొలతలు నీకు. ఆడికృత్తిక పండక్కి కావడెత్తుకోని ఎక్కింది నేను. దాని ఎత్తు నా మోకాళ్ళనడుగు."

అత్త పడీపడీ నవ్వింది. సరస్వతీ పూజకు ముందురోజు కూర్చుని, పచ్చిమట్టితో తిరుత్తణి కొండను హిమాలయం కన్నా ఎత్తుగా లేపింది. ఇక ఆవాలు మొలవడానికి వ్యవధి లేదు. స్వామి కొండ ఒక్కటీ బోడిగా మిగిలింది.

ఆ రోజుల్లోనే నాయన మా ఆవులకు కొత్త కొట్టం కట్టాలని, గుట్ట కింద ఎండిన వంకలో చదునైన ఇసుక నేల చూసి, గుంజలు తోలించి పెట్టుకున్నాడు. అత్తకది నచ్చలేదు.

"ఆడొద్దు తమ్ముడా. వంక ఎండిపోతాది గానీ దారి మర్చిపోదు. కొండవార ఇట్లాంటి తావులో కట్టిన ఇండ్లు ఏమైనాయో నేను చూసినాను."

"నేను పుట్టినంక ఆడ నీళ్ళు పారింది లేదక్కా. నువ్వు చూసిన కొండలు వేరే, మన గుట్ట వేరే."

ఆ మాటలు విన్నప్పటి నుంచి నాకు మా దూడ గౌరి మీదే బెంగ. అయినా నాయనను మెప్పించాలని, కొలువులో తిరుత్తణి కొండ కింద వంకలా గీసిన కాలవలో అగ్గిపుల్లలతో కొట్టం కట్టి, మట్టి ఆవులను తెచ్చి నిలబెట్టాను.

పూజ రోజు మధ్యాహ్నం వాన పట్టుకుంది. ముందరి గది నిండా పేరంటాళ్ళు, సాంబ్రాణి పొగ, ఉడికించి తాలింపేసిన శనగల సుండల్ వాసన. అత్త వెనక వరండాలో కొబ్బరి కోరుతోంది. కోతులు కదిపిన పెంకు సందున నీళ్ళు ధారగా సరిగ్గా స్వామి కొండ మీద పడ్డాయి. మొలకలున్న కనుమలు కదల్లేదు. పచ్చిమట్టి కొండ మాత్రం మెల్లగా ఒరిగి, జారి, కొట్టాన్నీ ఆవులనూ పక్కనే అంగడి పెట్టుకుని కూర్చున్న చెట్టియారు బొమ్మనూ కలుపుకుని వెళ్ళి బంగాళాఖాతంలో పడింది. పిల్లలం చప్పట్లు కొట్టాం. అవ్వ స్వామిని బురదలోంచి తీసి, కొంగుతో తుడిచి, విభూతి మంచు మీద నిలబెట్టింది.

"పోనీలే, వాళ్ళ నాయనింట్లో ఉంటాడు."

తర్వాత, సుండల్ దొన్నె పట్టుకుని నిలబడ్డ మా నాయన వైపు తిరిగింది. "స్వామి చెప్పేసినాడురా. ఆడ కొట్టం వొద్దు."

అక్క మాటకు కదలని మనిషి, ఆ మాటకు తలూపి దొన్నె కింద పెట్టాడు. తెల్లారి గుంజలన్నీ పైనున్న మిట్టకు చేరాయి. నాకు కోపమొచ్చి అత్తతో, "చెప్పింది నువ్వు గదా" అంటే, ఆమె కొబ్బరి ముక్క నా నోట్లో పెట్టి, "ఎవురు చెప్తే ఏమే, ఆవులు బతికితే సాలు" అంది.

కార్తీకంలో ముసురు పట్టి గుట్ట మీంచి వంక వచ్చింది. ఎర్రటి నీళ్ళు, పెళ్ళగించిన కానుగ చెట్లతో సహా, ఆ చదునైన ఇసుక తావు మీదుగానే పోయాయి. మేమంతా మిట్ట మీద కొట్టం చూరు కింద నిలబడి చూశాం. గౌరి నా చెయ్యి నాకుతోంది. "స్వామి చెప్పలేదా!" అంది అవ్వ. నాయన అత్త పక్కకు వచ్చి నిలబడ్డాడు. "స్వామి ఎవురి నోటితో చెప్పినాడో నాకు తెలుసులే అక్కా" అన్నాడు. ఆ మరుసటి ఏటి నుంచి కొలువుకు ఒండ్రుమట్టి తానే మోసుకొచ్చేవాడు.

ఇప్పుడు ఆ గుట్టను సగం కంకరకు కొట్టేశారు. కొలువు కొండలు బజారులో దొరుకుతున్నాయి, నీళ్ళు పోసినా కరగవు. వంకలో ప్లాట్ల రాళ్ళు పాతారు; చదునైన నేల, ఇసుక మెత్తన, చూడటానికి ఎంతో బాగుంటుంది. ఈ ఏడు కిటికీలో ఆవాలు చల్లింది మా మనవరాలి కోసం. దానికి కొండ కట్టడం నేనే నేర్పుతున్నాను.

మీరూ ఎప్పుడైనా కొండ కింద అలాంటి నేల చూసి మనసు పడితే, దయచేసి ఒక్క క్షణం ఆగి మా రాజమ్మత్తను తలుచుకోండి.