ఎడమ మూలకి మనిషి

ఇప్పుడు వాట్సాప్‌లో కబడ్డీ జట్లు కట్టే మేధావులను చూస్తే నాకు ఒళ్ళు మండుతుంది. కూతకు వెళ్ళేవాళ్ళు తప్ప ఇంకెవరూ వీళ్ళ కంటికి ఆనరు. మా ఊళ్ళో మిరప రైతు ఒకాయన ఉండేవాడు. ఆటలో అందరి తలలూ కూతకు వెళ్ళినవాడి వెంట తిరుగుతుంటే, ఆయన మాత్రం పట్టేవాళ్ళ చేతులే చూసేవాడు. వాళ్ళ చేతులు విడిపోతే తన రెండు చేతులూ గట్టిగా బిగించి పట్టుకునేవాడు.

ఒక ఏడు ఒంగోలు పోటీలకు జట్టును ఎంచడానికి ఆయన మిరప కళ్ళంలో కూర్చున్నాం. తుమ్ముతూనే వాదించుకుంటున్నాం.

"చీరాల కుర్రాణ్ణి తెద్దాం బాబాయ్, కూతకెళ్తే పులే!" అన్నాడొకడు.

"కూతకి ఇప్పటికే నలుగురున్నారు కదరా! ఎడమ మూల నిలబడి కాలు పట్టేదెవడు, మీ తాతా? ఒకణ్ణి తగ్గించి మూలకి మనిషిని తేవాలి," అన్నాడాయన.

"ఎవర్ని తగ్గిస్తావ్?"

"మావాణ్ణి."

ఆయన కొడుకు అక్కడే ఉన్నాడు. "నేనేం తక్కువ ఆడాను నాన్నా?"

"తక్కువేం కాదురా, బాగా ఆడతావు. నీలా ఆడేవాళ్ళు ఇంకో ముగ్గురున్నారు, అంతే."

కుర్రాడు విసురుగా మోటార్ సైకిలెక్కి వెళ్ళిపోయాడు. వాణ్ణి ఉంచమని మేమే బతిమాలాం. ఆయన వినలేదు. సొంత కొడుకును పక్కన పెట్టిన న్యాయం గురించి పుస్తకాల్లో చదివాను గానీ, కళ్ళారా చూసింది అదొక్కసారే.

దుమ్ము అణిగేదాకా దారివంకే చూసి, ఆయన లేచాడు.

"పొన్నూరులో ఒకడున్నాడు, కాలు దొరికితే వదలడు. ఇప్పుడే వెళ్ళి అడుగుదాం. నా బండి మావాడు తీసుకుపోయాడు, ఎవరన్నా నన్ను ఎక్కించుకోండ్రా."