నొప్పికి అలవాటు పడమన్నారు

మా నర్సమ్మ పోయిన బుధవారం పొద్దున చనిపోయింది. నిద్రలోనే ప్రశాంతంగా పోయిందని జహీరాబాద్‌లో కొందరు చెప్పుకుంటున్నారు. అబద్ధం. నేను పక్కనే ఉన్నాను. ఆమె ఎట్లా పోయిందో చెప్పడానికే ఇది రాస్తున్నాను.

పదేళ్ల కిందట మా ఆయనకు గొంతులో క్యాన్సర్ వచ్చింది. పట్నం దవాఖానలో ఇక చేసేదేమీ లేదన్నారు. ఇంటికి తీసుకుపోయి ఇష్టమైనవి పెట్టమన్నారు. గుక్కెడు గంజి దిగని మనిషికి ఇష్టమైనవి ఎట్లా పెట్టాలో మాత్రం చెప్పలేదు. మేము బస్సు దిగిన మర్నాటి నుంచి చుట్టాల రాక మొదలైంది. చిరాగ్‌పల్లి నుంచి, ఝరాసంగం నుంచి, బీదర్ అవతలి నుంచి కూడా చూసిపోవడానికి వచ్చారు. పోయే మనిషిని చూడకపోతే వాళ్లది తప్పు, వచ్చినవాళ్లకు చాయ్ పోయకపోతే నాది తప్పు. ఆయన కింద దుప్పటి తడిసి ఉంటే నేను పొయ్యి ముందు కూర్చుని చాయ్ కాసేదాన్ని. ఏం మర్యాదలో అవి! తలచుకుంటే ఇప్పటికీ ఒళ్లు మండుతుంది.

నర్సమ్మది మా వీధే, ఊళ్లో సర్కారు దవాఖానలో నర్సు. ఒకరోజు డ్యూటీ దిగి వస్తూ మా వాకిట్లో గుంపును చూసింది. నేరుగా వచ్చి గడపకు అడ్డంగా నిలబడింది.

"చూసిపోనీకి ఎవరైనా వస్తరు. చేసిపోయేటోళ్లుంటే లోపలికి రాన్రి" అంది.

మా పెద్దాడబిడ్డ చేతిలో తడి దుప్పట్లు పెట్టింది, ఆమె మగనికి రెండు బిందెలు అందించింది. మిగతావాళ్లకు అప్పటికప్పుడే బస్సు టైమైంది. నన్ను వెనక గదిలో పడుకోబెట్టి తలుపు దగ్గరగా వేసింది. నువ్వు కూలబడితే ఆయనను చూసేదెవరని కసురుకుంది. నెల రోజుల్లో నేను కంటినిండా నిద్రపోయింది ఆ మధ్యాహ్నమే.

తరువాత రోజూ వచ్చేది. వీపు పుండ్లు పడకుండా ఎట్లా పక్కకు తిప్పాలో, ఎండిన పెదవులను తడిగుడ్డతో ఎట్లా అద్దాలో నా చేతులు పట్టుకుని నేర్పింది. నొప్పి మాత్రం గుడ్డలతో తగ్గేది కాదు. ఆమే నన్ను వెంటబెట్టుకుని తన దవాఖాన డాక్టరు దగ్గరికి పోయి మార్ఫిన్ సూది రాయమంది. అలవాటైపోతుంది, రాయనన్నాడు డాక్టరు.

"అలవాటు కానీకె ఈయనకెన్ని దినాలున్నయి సారూ?"

ఆ డాక్టరుకు కాస్త సిగ్గుంది. తల వంచుకుని రాసిచ్చాడు. మందు కోసం ఆమె సంగారెడ్డి దాకా బస్సులో పోయి వచ్చింది.

సూది పడ్డాక ఆయన ముఖం మళ్లీ ఆయన ముఖంలా అయింది. అప్పటిదాకా మేమంతా గొంతులో పుండు, తగ్గుతుంది అని ఆయనతో ఆడిన నాటకం చాలించాల్సి వచ్చింది, ఎందుకంటే ఆయన మమ్మల్ని కాదు, నర్సమ్మను అడిగాడు, బతుకుతానా అని. ఆమె స్టూలు జరుపుకుని కూర్చుని ఆయన చెయ్యి పట్టుకుంది.

"బతకవు అన్నా. కాని నొప్పితోని మాత్రం పోనియ్య" అంది.

ఆయన ఏడవలేదు. బిడ్డను పిలిచి, విత్తనానికి ఏ మడి అల్లం ఉంచాలో చెప్పాడు. నాతో చెప్పాల్సినవి నాతో చెప్పాడు. అట్లా పదకొండు రోజులు. మా సంసారంలో మేము అంత తీరికగా మాట్లాడుకున్న రోజులు వేరే లేవు.

నిరుడు నర్సమ్మకే ఆ రోగం వచ్చింది. ఎముకల దాకా పాకింది. ఆమెకు నా అనేవాళ్లు లేరు, నేనే పోయి ఆమె ఇంట్లో ఉన్నాను. ఆమె మా ఆయనకిచ్చిన మాటే నేను ఆమెకిచ్చాను, నొప్పితో పోనివ్వనని. ఈ పదేళ్లలో మా ఊరికి ఫ్యాక్టరీలు వచ్చాయి, ఇళ్ల మీద టీవీ ఏంటెనాలు లేచాయి. ఆ సూది మాత్రం ఇంకా దూరం పోయింది. మత్తుమందుల మీద కొత్త చట్టం వచ్చిందన్నారు, కాయితాలు కావాలన్నారు. సంగారెడ్డి మందుల దుకాణంవాడు దొంగను చూసినట్టు చూశాడు. ఆమె ఇన్నేళ్లు చాకిరీ చేసిన దవాఖానకే పోయి కొత్త డాక్టరును బతిమాలాను.

"ఈ వయసులో నొప్పికి అలవాటు పడాలమ్మా" అన్నాడు.

మందుకు అలవాటు పడకూడదట. నొప్పికి పడాలట. నాకు నర్సమ్మ నోరు లేదు. ఉంటే అప్పుడే అడిగేదాన్ని. వట్టి చేతులతో తిరిగి వచ్చాను. ఫికర్ చెయ్యకు, నువ్వు పోయి తిను అని ఆమే నన్ను ఓదార్చింది. చివరి మూడు రోజులు అరుపు బయటికి రాకుండా తువ్వాలు కొరికి పట్టుకుంది. పక్కింట్లో పిల్లలు పరీక్షలకు చదువుకుంటున్నారని.

సమాధుల తోటకు ఆ కొత్త డాక్టరు పెద్ద పూలదండతో వచ్చాడు. ఆమె సేవలు మరువలేనివని మాట్లాడాడు. అందరూ తలలూపారు. ఆయన మాటలు అయ్యాక నేను దగ్గరికి పోయి, సంచిలోంచి ఆ తువ్వాలు తీసి ఆయన చేతిలో పెట్టాను. ఇదేమిటమ్మా అన్నాడు. నర్సమ్మది, విప్పి చూడమన్నాను. ఆయన మడత విప్పాడు. పళ్లు దిగిన చోటల్లా చిరుగులు. ఆయన వేళ్లు అందులోంచి ఇవతలికి కనబడ్డాయి. అవతల మట్టి పోస్తున్నారు. ఆయన దాన్ని మడవనూ లేక, కింద పెట్టనూ లేక అట్లాగే పట్టుకుని నిలబడ్డాడు.