శేషగిరిరావు గారి ‘పర్వాలేదు’

ఆదివారం మధ్యాహ్నం ఒంటిగంటన్నరకు, బందరు పరాసుపేటలోని తన ఇంట్లో, శేషగిరిరావు గారు వంకాయకూర రెండోసారి వడ్డించుకుని "బాగుంది" అన్నారు. ఆ కూరలో ఉప్పు రెండుసార్లు పడింది. ఆయన భార్య సూర్యకుమారి ఒకసారి వేసి, ఫోనొస్తే మాట్లాడి వచ్చి, మళ్లీ వేసింది. గుడివాడ నుంచి భోజనానికి వచ్చిన ఆమె తమ్ముడు కృష్ణచైతన్య అప్పటికే మూడు గ్లాసుల నీళ్లు తాగి, పెరుగు కోసం మర్యాదగా ఎదురు చూస్తున్నాడు.

సూర్యకుమారి ఇంకా తినలేదు. ముప్పై రెండేళ్ల కాపురంలో మొగుడి నోట ఆ మాట వినడం అదే మొదలు. వంటింట్లోకి వెళ్లి, కళ్లొత్తుకుని, కూర గిన్నెతో సహా వచ్చింది.

"వద్దక్కా, చాలు."

"నీకేం తెలుసురా రుచి! మీ బావగారంతటి మనిషే బాగుందన్నారు" అంటూ ఇద్దరికీ ధారాళంగా వడ్డించింది. తర్వాత తనూ కంచం పెట్టుకుని మొదటి ముద్ద నోట్లో పెట్టుకుంది. ఆ ముద్ద మింగడానికి కొంచెం సేపు పట్టింది.

"ఏవండీ, మీకు రుచి తెలియట్లేదు కదూ?"

శేషగిరిరావు గారు కంచం పక్కకు జరిపి తలూపారు. వానాకాలంలో వచ్చిన జ్వరం తగ్గుతూ తగ్గుతూ రుచిని కూడా పట్టుకుపోయింది. మూడు నెలలుగా ఆ సంగతి దాచుకొస్తున్నారు; ఇవాళ బావమరిది ముందు బయటపడకూడదనే ఒక మెట్టెక్కి ‘బాగుంది’ అనేశారు.

దాచుకోవలసిన మనిషే మరి. కిందటేడు మానుకునేదాకా ఆయన పనే రుచి చూడటం. బందరు తొక్కుడు లడ్డు కార్ఖానాలో, శనగపిండి పూస వేయించి, దంచి, బెల్లం పాకంలో కలిపి, నెయ్యి పోస్తూ మళ్లీ దంచుతారు. ఉండ కట్టే ముందు చిటికెడు ఆయన నాలుక మీద పడాలి. ఆయన దగ్గర రెండే మాటలుండేవి: ఒకటి "ఇంకా తొక్కండి", రెండోది "పర్వాలేదు". బాగుందంటే మర్నాడు చేతులు బద్ధకిస్తాయని ఆయన భయం. ‘పర్వాలేదు’ అంటే అంతకు మించిన మెప్పు లేదని కార్ఖానాలో అందరికీ తెలుసు. ఆ పూట టీలు తాగుతూ పాటలు పాడుకునేవాళ్లు. ఇంటికి మాత్రం ఆయన మాటొక్కటే తెచ్చుకున్నారు, దాని అర్థం కార్ఖానాలోనే వదిలేసి.

మర్నాడు బావమరిది గుడివాడ రప్పించి డాక్టరుకు చూపించాడు. "రావచ్చు, రాకపోవచ్చండీ" అన్నాడు డాక్టరు, బస్సు సంగతి చెప్పినట్టు.

తిరిగి వస్తూ బస్సులో శేషగిరిరావు గారు తిన్నవన్నీ ఒక్కొక్కటే తలుచుకున్నారు. పెళ్లయిన ఏడాది ఇద్దరూ హంసలదీవి వెళ్లారు. దివిసీమ పిల్ల కదా, సూర్యకుమారే దారి చూపించింది. సముద్రం ఒడ్డున డబ్బా విప్పి గోంగూర పచ్చడి అన్నం ముద్దలు చేసి పెట్టింది. ఇసుక పడకుండా చీరకొంగు గాలికి అడ్డం పట్టుకుంది. డబ్బా అడుగు కనిపించేదాకా తిన్నారాయన.

"ఎలా ఉందండీ?"

"పర్వాలేదు" అన్నారు, బిరుదిచ్చినంత గంభీరంగా.

ఆవిడ మొహం తిప్పుకుని చాలాసేపు సముద్రం వైపే చూస్తూ కూర్చుంది. సముద్రం బాగా నచ్చిందనుకున్నారాయన. ముప్పై రెండేళ్లుగా అలాగే అనుకుంటున్నారు. బస్సు పామర్రు దాటాక గాని, ఆ రోజు ఆవిడ చూసింది సముద్రాన్ని కాదని ఆయనకు తట్టలేదు. పక్క సీటాయన "కళ్లల్లో దుమ్ము పడిందాండీ?" అని కిటికీ అద్దం వేశాడు.

ఎంత సుఖంగా ఉన్నారు తామిద్దరూ! ఆ సంగతి ఒకరికి మాత్రమే తెలుసు. ఆ ఒక్కరూ రెండో వాళ్లకు చెప్పలేదు.

ఇల్లు చేరేసరికి సాయంత్రమైంది. సూర్యకుమారి ఉప్మా పెట్టింది. ఆయన రెండు చెంచాలు తిని, గొంతు సవరించుకుని "బాగుంది" అన్నారు.

ఆవిడ గరిటె ఠక్కున కింద పెట్టింది. "నాలుక ఉన్నన్నాళ్లూ పర్వాలేదని సరిపెట్టారు. అది కాస్తా పోయాక బాగుందంటున్నారు. నన్నేం చేసుకోమంటారు ఈ మాటని?"

"ఇది ఉప్మాకి కాదే కుమారీ, ఇన్నాళ్లూ తిన్నవాటికి."