యాదగిరి తెచ్చిన సీసా

ఏడేళ్ల పాటు ఒక మాటను గొంతులోనే ఉంచుకుని బతికాను. నన్ను చాలామంది నిక్కచ్చి మనిషంటారు. అలా అన్నప్పుడల్లా తల దించుకునేదాన్ని. అది అణకువ అనుకునేవారు. మీరు నన్ను ఎరగరు కాబట్టి మీతో దాచకుండా చెప్పగలుగుతున్నాను.

నేను అబిడ్స్‌లో ఒక చిన్న ల్యాబ్‌లో కెమిస్టుని. సహజ వాయువులో కలిసి వచ్చే చెడ్డ వాయువుల్ని పీల్చుకునే ద్రావణం ఒకటుంది, అమీన్ అంటారు. వాడగా వాడగా అందులో లవణాలు పేరుకుని నల్లబడుతుంది. ఊరి బయట మా ఓనరుకున్న షెడ్డులో దాన్ని కాచి, ఆవిరి పట్టి, మళ్లీ పనికొచ్చేలా చేసేవాడు యాదగిరి. ప్రతిసారీ ఒక సీసా నమూనా నాకు తెచ్చిచ్చేవాడు. నేను సరే అంటేనే డ్రమ్ములు గ్యాస్ ప్లాంటుకు వెళ్లేవి.

ఒక శనివారం సీసా బల్ల మీద పెట్టి, ఈసారి వాసన వేరేగా ఉంది మేడమ్, జర మంచిగ చూడుండ్రి అన్నాడు. సరేనన్నాను. సుల్తాన్ బజార్‌లో చీరలు కొనాలని అక్క ఎదురుచూస్తోంది. పరీక్ష చెయ్యలేదు. పాత రిపోర్టులోని అంకెల్నే కాస్త అటూ ఇటూ మార్చి రాసి సంతకం పెట్టేశాను.

కొన్ని నెలలకు ప్లాంటులో పైపులు తుప్పు పట్టి కారాయి. ఎవరికీ దెబ్బ తగల్లేదు గానీ పని ఆగిపోయింది. మేం పంపిన ద్రావణంలో లవణాలు అలాగే ఉన్నాయని తేలింది. రిపోర్టేమో బాగుంది. అంటే యాదగిరి శుభ్రం చెయ్యని డ్రమ్ముల్ని పంపాడని ఓనరు తేల్చేశాడు. అందరి ముందూ యాదగిరి నా వైపు తిరిగాడు.

"మేడమ్, మీరు చూసిన్రు గదా?"

"చూశాను."

అంతే. ఆయన వాదించలేదు. నన్ను నమ్మి, తనను తాను అనుమానించుకున్నాడు. డ్రమ్ములు నేనే తారుమారు చేసిన్నేమో అని గొణుక్కుంటూ వెళ్లిపోయాడు. ఓనరు ఆ రోజే ఆయన్ని పనిలోంచి తీసేశాడు. ఆ నమూనా సీసా అప్పటికింకా నా అలమారాలోనే ఉంది. పరీక్షిస్తే ఆ పూటే నిజం బయటపడేది. నేనేం చేశాను? సింకులో పోసి, సీసా కడిగేశాను. మొదటిది బద్ధకం అనుకుందాం. మరి దీన్నేమనాలి? ఎన్నిసార్లు ఆలోచించినా, భయపడ్డానన్న మాట దగ్గర ఆగి, అక్కడి నుంచి నా మీద నేనే జాలి పడటం మొదలుపెట్టేదాన్ని.

కిందటి నెల నాంపల్లి స్టేషన్ దగ్గర ఒక లాడ్జి ముందు యాదగిరి కనిపించాడు. వాచ్‌మన్‌గా ఉన్నాడు. ఆ పనిలోకి మళ్లీ ఎవరూ తీసుకోలేదట. నన్ను చూడగానే లేచి కుర్చీ జరిపాడు. కూర్చోలేకపోయాను. నిలబడే అంతా చెప్పాను. అంతా విని ఆయన ఒక్కటే అడిగాడు.

"గీ మాట మా ఇంటామెకు చెప్తరా? నా పరాకుతోనే నౌకరి పోయిందని ఏడేండ్ల సంది అంటది."

మర్నాడు వెళ్లాను. ఆమె బియ్యం ఏరుతూ విన్నది. చెయ్యి ఆగలేదు. చివరికి, చెప్పిన్రు గదా, ఇగ పోండ్రి అంది. యాదగిరి గుమ్మంలో నిలబడి ఉన్నాడు, నా వైపు చూడలేదు.

క్షమించమని నేను అడగలేదు. వాళ్లూ ఆ ఊసెత్తలేదు. ఓనరుకు కూడా రాసిచ్చాను, ఏమవుతుందో తెలియదు. వాళ్ల గల్లీ చివర ఒక మెట్టు మీద కూలబడి, ఊపిరి కుదుటపడేదాకా అక్కడే ఉండిపోయాను.