రాతిపువ్వు మసాలా

మూతపడిన రాగి గని చుట్టూ ఉన్న చెట్లకు రాతిపువ్వు సంచులు కట్టడం కాలుష్యం కొలిచే నా ఉద్యోగంలో ఒక భాగం. బిర్యానీ మసాలాలో వేసే బూడిదరంగు ఎండు పొరే రాతిపువ్వు. దానికి వేళ్లుండవు. గాలీ వానా ఏది తెస్తే అది తాగి దాచుకుంటుంది. మంచి గాలి ఉన్న అడవి నుంచి తెచ్చి వల సంచుల్లో కడితే, కొన్ని నెలలకు అక్కడి గాలి గుట్టంతా ల్యాబ్‌లో బయటపడుతుంది.

సంచులు విప్పుకోవడానికి వెళ్లినప్పుడు, నేను సంచి కట్టిన ఒక వేపచెట్టు ఇంటామె నా చేతిలో మసాలా పొడి పొట్లాలు పెట్టింది. కూతురు అశోక్‌నగర్‌ హాస్టల్లో ఉండి గ్రూప్స్‌కు చదువుతోందట.

"మెస్సు కూర సప్పగ ఉంటదంట మేడం. జర ముట్టజెప్పుండ్రి."

నేనుండేది చిక్కడపల్లిలో. పక్కనే కదా అని తీసుకొచ్చాను.

ఆ అమ్మాయి ఆదివారాలు మా ఇంటికి రావడం మొదలుపెట్టింది. నారాయణగూడ మార్కెట్‌లో చికెన్ కొనుక్కొచ్చి, ఆ పొడి వేసి తనే వండేది. వంటంటే నాకు బద్ధకం. సిగ్గులేకుండా రెండోసారి వడ్డించుకునేదాన్ని.

ల్యాబ్ రిపోర్టు వచ్చింది. సీసం, ఆర్సెనిక్ అన్నిటికంటే ఎక్కువ ఆ వేపచెట్టు సంచిలోనే ఉన్నాయి. గని తవ్వి పోసిన వ్యర్థాల గుట్ట ఆ ఇంటి వెనకే. మరుసటి ఆదివారం ఆ అమ్మాయి పొట్లం విప్పుతుంటే నాకు అనుమానం వచ్చింది. ఇందులో రాతిపువ్వు వేస్తారా, ఏ దుకాణంలో కొంటారని అడిగాను.

"కొనుడెందుకక్క? ఇంటెనక గుట్ట రాళ్ల మీదనే దొరుకుతది. అమ్మ గీకి ఎండబెడ్తది. నా చిన్నప్పటి సంది గంతే."

చంకలో పిల్లను పెట్టుకుని ఊరంతా వెతికినట్టయింది నా పని. రిపోర్టు సంగతి చెప్పేశాను. చెబుతుంటే ఒళ్లు మండిపోయింది. గని మూసినవాళ్లు గేటుకు తాళం వేసుకుని పోయారు. దుమ్ముకు తాళం వేసే నాథుడు లేడు.

ఆ అమ్మాయి స్టవ్ ఆపేసి, స్పీకర్ పెట్టి తల్లికి ఫోన్ చేసింది.

"అమ్మా, ఆ పువ్వు ఇగ కూరల వెయ్యకు. అండ్ల విషం ఉన్నదట. అక్క చెప్పింది."

"సరే బిడ్డా, మానేస్త."

తర్వాత దగ్గు. చాలాసేపు దగ్గి, ఆయాసపడుతూ అడిగింది.

"మరి గాలి పీల్చుడు ఎట్ల మానాల్నో, మేడంను జర అడుగు."

ఆ అమ్మాయి ఫోన్ నా ముందుకు జరిపింది.